మీటరు ఒక మాట, ఫోను ఒక మాట: ఇంతకీ నా సైకిల్ వేగం ఎంత?

ప్రశ్న: నేనూ నా మిత్రుడూ తరచుగా కలిసి సైకిల్ తొక్కుతాం. నా సైకిల్ మీటరు వేగాన్ని గంటకు మైళ్లలో చూపిస్తుంది. దాన్ని కిలోమీటర్లకు మార్చడం నాకు చేతకాలేదు. మొన్న ఇద్దరం పక్కపక్కనే వెళ్లి వచ్చాక అంకెలు పోల్చి చూసుకున్నాం. సగటు వేగం నా మీటరులో 15.5, నా ఫోనులో 24.3 కిలోమీటర్లు. మిత్రుడి గడియారం 2:28 అని చూపించింది. ఆ గడియారం నుంచి తీసిన ఫైలులో ‘వేగం’ అన్న వరుస కింద 6.76 అని ఉంది. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలో తెలుసుకుందామని 60ని 24.3తో భాగిస్తే నాకు 2.47 వచ్చింది. పక్కనే ఉన్నవాడికి 2:28 అయితే నాకు 2:47 ఎలా అవుతుంది? ఇంకో రోజు ఒక గుట్ట ఎక్కేటప్పుడు నా వేగం 12, అదే దారిలో దిగేటప్పుడు 36 కిలోమీటర్లు. సగటు 24 కావాలి కదా, ఫోను 18 అంటుంది. వాతావరణ సమాచారంలో గాలి వేగం ‘గంటకు 8 నాట్లు’ అని చూశాను, అది ఎక్కువో తక్కువో తెలియలేదు. నా టైరు మీద 26×2.00 అని ఉంది. మీటరు అమరికల్లో 2105 అన్న సంఖ్య కనిపించింది, అదేమిటో తెలియదు. నేను ఏయే సూత్రాలు కంఠస్థం చేయాలి? మీటరు మార్చేయాలా?

సమాధానం: మీటరు మార్చనక్కర్లేదు. సూత్రాలు కూడా పెద్దగా అక్కర్లేదు, రెండు సంఖ్యలు గుర్తుంటే చాలు. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే, దానిలోనే జవాబు కూడా ఉంది. మీరు రాసిన నాలుగు అంకెల్లో మూడు ఒకే మాట చెబుతున్నాయి. నాలుగోది మాత్రం కాస్త ఎక్కువ చెబుతోంది. ఏది ఎక్కువ చెబుతోందో, ఎందుకు చెబుతోందో తేల్చుకోవడానికే అన్నిటినీ ఒకే కొలమానంలోకి తెచ్చుకోవాలి.

వేగాన్ని మార్చేటప్పుడు చాలామంది నేరుగా ఒక సూత్రం కోసం వెతుకుతారు. మైళ్ల నుంచి కిలోమీటర్లకు ఒకటి, కిలోమీటర్ల నుంచి సెకనుకు మీటర్లకు ఒకటి, నాట్లకు ఇంకొకటి. ఇలా నేర్చుకున్నవాళ్లు గుణించాలో భాగించాలో తెలియని చోట చిక్కుకుంటారు. వేగం అంటే దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది, అంతే. అందుకని వేగాన్ని మార్చే ఆలోచన మానుకోండి. దూరాన్ని దూరంగా మార్చండి, కాలాన్ని కాలంగా మార్చండి, ఆ తర్వాత భాగించండి. గుణించాలా భాగించాలా అన్న సందేహం అసలు పుట్టదు.

ఫైలులోని 6.76తో మొదలుపెడదాం. ప్రమాణం రాయకుండా ఇలాంటి చిన్న అంకె కనబడితే అది దాదాపుగా సెకనుకు మీటర్లే. సైకిల్ పరికరాలు ఎక్కువగా వాడే ‘ఫిట్’ (FIT) అనే రకం ఫైళ్లలో వేగాన్ని ఆ ప్రమాణంలోనే దాచిపెడతారు. తెర మీద చూపించేటప్పుడు మాత్రమే మీరు కోరిన ప్రమాణానికి మారుస్తారు. సెకనుకు 6.76 మీటర్లు అంటే, గంటలో 3600 సెకన్లు కాబట్టి, గంటకు 24,336 మీటర్లు. కిలోమీటరుకు 1000 మీటర్లు కాబట్టి 24.34 కిలోమీటర్లు. 3600ని 1000తో భాగిస్తే 3.6. మీరు గుర్తుపెట్టుకోవలసిన మొదటి సంఖ్య ఇదే. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన సంఖ్య. మనసులో లెక్క వేయాలంటే నాలుగుతో గుణించి, వచ్చిన దానిలో పదోవంతు తీసేయండి. 7 అయితే 28, అందులోంచి 2.8 పోతే 25.2. ఇదీ కచ్చితమే.

ఇక మీ మిత్రుడి 2:28. దీన్ని పేస్ అంటారు. పరుగెత్తేవాళ్లకు ఇది నిత్యం వాడే లెక్క, సైకిల్ తొక్కేవాళ్లకు కొంచెం కొత్త. ఒక కిలోమీటరు వెళ్లడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. అంటే వేగాన్ని తలకిందులు చేసిన లెక్క. 2 నిమిషాల 28 సెకన్లు అంటే 148 సెకన్లు. 3600ని 148తో భాగిస్తే 24.32. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం.

మరి మీ 2.47 సంగతి? అది కూడా సరైనదే. మీ భాగహారంలో దోషం లేదు, చదవడంలో ఉంది. 2.47 అంటే రెండు నిమిషాలూ, ఇంకో నిమిషంలో నూటికి 47 వంతులూ. నిమిషానికి 60 సెకన్లు కాబట్టి 0.47ని 60తో గుణించాలి. 28 సెకన్లు వస్తుంది. మీరిద్దరూ పక్కపక్కనే వెళ్లారు, లెక్క కూడా అదే అంటోంది. దశాంశ బిందువుకు కుడివైపు ఉన్నవి సెకన్లు కావు. ఈ పొరపాటు లెక్కలు బాగా వచ్చినవాళ్లలోనూ చూస్తుంటాను, ఎందుకంటే 2.47 చూడటానికి అచ్చం గడియారం అంకెలాగే ఉంటుంది. గడియారపు సమయానికి మధ్యలో రెండు చుక్కలు, దశాంశానికి ఒక చుక్క అని రాసుకునే అలవాటు చేసుకోండి, గొడవ తీరిపోతుంది.

పేస్‌లో ఇంకో మడత ఉంది. కిలోమీటర్ల నుంచి మైళ్లకు వెళ్లినప్పుడు వేగం అంకె తగ్గుతుంది, పేస్ అంకె పెరుగుతుంది. మైలు కిలోమీటరు కంటే పొడుగు కాబట్టి దాన్ని దాటడానికి ఎక్కువ సేపు పట్టాలి కదా. కిలోమీటరుకు 148 సెకన్లు అయితే మైలుకు దాదాపు 238 సెకన్లు, అంటే 3 నిమిషాల 58 సెకన్లు. జవాబు పెరగాలా తగ్గాలా అని ముందే ఒక క్షణం ఆలోచించుకుంటే సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి.

ఇప్పుడు మైళ్లు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా 1959లో ఒక ఒప్పందానికి వచ్చి గజం అంటే 0.9144 మీటర్లని తేల్చాయి. మైలుకు 1760 గజాలు కాబట్టి మైలు 1.609344 కిలోమీటర్లు అయింది. మీకు 1.609 చాలు. ఇది గుర్తుంచుకోవలసిన రెండో సంఖ్య. మీ మీటరు చూపించిన 15.5ను దీనితో గుణిస్తే 24.94 కిలోమీటర్లు వస్తుంది. చాలామంది వాడే 1.6తో గుణిస్తే 24.8. ఏది వాడినా ఫోను చూపించిన 24.3 కంటే ఎక్కువే. అంటే ఎక్కువ చెబుతున్నది మీ మీటరే, తేడా కూడా మార్పిడి వల్ల వచ్చింది కాదు.

1.6 వాడితే తప్పా అని అడుగుతారేమో. నోటిలెక్కకు తప్పు లేదు. దానివల్ల వచ్చే లోటు నూటికి 0.6 కంటే తక్కువ, ఉదయపు సవారీకి అది లెక్కలోకి రాదు. అంకె పెద్దదయ్యేకొద్దీ మాత్రం కనబడుతుంది. 2018లో అమెరికాలోని బాన్విల్ ఉప్పు మైదానంలో డెనీస్ ముల్లర్-కోరెనెక్ ముందు వెళ్తున్న కారు చాటున సైకిల్ తొక్కి గంటకు 183.932 మైళ్ల వేగం అందుకున్నారు. 1.6తో గుణిస్తే అది 294.3 కిలోమీటర్లు, అసలు మార్పిడితో 296. అంత కష్టపడి సాధించిన దానిలో మన బద్ధకం వల్ల గంటకు కిలోమీటరున్నర పైగా కోసేయడం న్యాయం కాదు. ఇక అంతర్జాలంలో దొరికే మార్పిడి పరికరాలు 15.5కు 24.944832 అని ఆరు దశాంశాలు చూపిస్తాయి. మొదటి అంకెకే ఒక్క దశాంశం ఉన్నప్పుడు ఆ తోక అంతా వట్టి అలంకారం. 24.9 అని రాసుకోండి.

తొక్కుతూ తొక్కుతూ మనసులో మార్చుకోవడానికి ఒక సులువు చెబుతాను. కిలోమీటర్ల నుంచి మైళ్లకు రావాలంటే సగం చేసి, ఆ సగంలో పావు కలపండి. 24లో సగం 12, దానిలో పావు 3, మొత్తం 15. అసలు జవాబు 14.9. ఎదురు దిక్కుకు ఎనిమిదితో గుణించి ఐదుతో భాగించండి. మరో తమాషా ఉంది. 5, 8, 13, 21, 34 అన్న వరుస చూడండి, ప్రతి సంఖ్యా ముందున్న రెండిటి మొత్తం. ఈ వరుసలో పక్కపక్కనే ఉన్న సంఖ్యల్లో మొదటిది మైళ్లయితే రెండోది కిలోమీటర్లు. 13 మైళ్లు దాదాపు 21 కిలోమీటర్లు, 21 మైళ్లు దాదాపు 34. ఆ సంఖ్యల నిష్పత్తి 1.618కి దగ్గరగా వెళ్తుంది, మైలు 1.609. రెండూ దగ్గరగా ఉండటం కేవలం కాకతాళీయం. అయినా మైలురాళ్లున్న దారిలో భలే పనికొస్తుంది.

చట్టాలు రాసేవాళ్లకూ ఈ మార్పిడి తప్పదు. విద్యుత్ సైకిళ్లకు మోటారు సాయం గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోవాలని యూరప్ నియమం. మైళ్లలో ఆలోచించే బ్రిటన్‌లో అదే హద్దును 15.5 మైళ్లు అంటారు. మీ మీటరు చూపించిన అంకే! అమెరికాలో అనేక రాష్ట్రాలు పాటించే హద్దులు 20, 28 మైళ్లు, అంటే మన లెక్కలో 32, 45 కిలోమీటర్లు. ఎక్కడైనా 25 అనే గుండ్రటి సంఖ్య పక్కన 15.5 లాంటి వంకర సంఖ్య కనిపిస్తే, అసలు నియమం ఏ కొలమానంలో పుట్టిందో, ఏది అనువాదమో తెలిసిపోతుంది.

నాట్ల గురించి. ముందుగా ‘గంటకు 8 నాట్లు’ అనకూడదు. నాట్ అంటేనే గంటకు ఒక సముద్రపు మైలు, గంట అందులోనే ఉంది. సముద్రపు మైలు భూమి మీద అక్షాంశంలో ఒక నిమిషం కోణానికి సరిపోయే దూరం నుంచి వచ్చింది. 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ జలపటాల సమావేశం దాన్ని 1852 మీటర్లుగా స్థిరపరిచింది. కాబట్టి 8 నాట్లు అంటే 14.8 కిలోమీటర్లు. రెట్టింపు చేసి కాస్త తగ్గించుకుంటే చాలు. సెకనుకు మీటర్లలో కావాలంటే సగం చేయండి, 4 వస్తుంది, అసలు జవాబు 4.1.

మరి అది ఎక్కువా తక్కువా? ఎదురుగాలి అయితే ఎక్కువే. మీరు 24.3తో ముందుకు వెళ్తుంటే, 14.8తో గాలి ఎదురొస్తే మీ ఒంటికి తగిలే గాలి వేగం గంటకు 39 కిలోమీటర్లు. గాలి అడ్డు ఆ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి గాలి నిలిచి ఉన్న రోజుతో పోలిస్తే అది రెండున్నర రెట్లు దాటుతుంది. అయితే కొంచెం ఊరట కూడా ఉంది. వాతావరణ కేంద్రాలు గాలిని నేల నుంచి 10 మీటర్ల ఎత్తున కొలుస్తాయి. నేలకు దగ్గరగా, చెట్ల మధ్య గాలి అంతకంటే నెమ్మదిగా ఉంటుంది. అందుకే నాట్లను కిలోమీటర్లకు ఎంత కచ్చితంగా మార్చినా వచ్చేది మీ దారిలో వీచే గాలి కాదు, దానికి పైహద్దు లాంటిది.

సెకనుకు అడుగుల్లో వేగం మీకు ఎక్కడా ఎదురుకాదు, వదిలేయండి. శబ్దవేగంతో పోల్చుకోవాలని సరదా పడితే, 20 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు వెళ్తుంది. మీరు దానిలో యాభయ్యో వంతు.

ఇక గుట్ట సంగతి. ఇది మార్పిడి ప్రశ్న కాదు గానీ, మార్పిడి కంటే ఎక్కువమందిని బోల్తా కొట్టించేది ఇదే. ఫోను చెప్పిన 18 సరైనది. గుట్ట దారి 6 కిలోమీటర్లు అనుకోండి. 12 వేగంతో ఎక్కడానికి 30 నిమిషాలు, 36 వేగంతో దిగడానికి 10 నిమిషాలు. 12 కిలోమీటర్లకు 40 నిమిషాలు, అంటే గంటకు 18. గుట్ట పొడవు ఎంతైనా జవాబు మారదు. మీరు 12ను, 36ను కలిపి సగం చేశారు. రెండు వేగాలతోనూ సమానమైన సేపు వెళ్లినప్పుడే అలా చేయవచ్చు. ఇక్కడ సమానంగా ఉన్నది దూరం, సమయం కాదు. నెమ్మదిగా వెళ్లిన భాగం మూడింతల సేపు పట్టింది, సగటును తన వైపు లాక్కుంది.

మీరు ఊహించిన 24 సగటు కావాలంటే ఏం చేయాలో చూడండి. 12 కిలోమీటర్లను 24 వేగంతో ముగించాలంటే మొత్తం 30 నిమిషాలే ఉంటాయి. ఆ 30 నిమిషాలూ ఎక్కడంలోనే అయిపోయాయి. కాబట్టి గుట్ట మీద నుంచి కిందికి రెప్పపాటు కూడా పట్టకుండా దిగాలి!

పేస్ లెక్కకు ఇక్కడ ఒక గొప్ప లాభం ఉంది. ఎక్కేటప్పుడు కిలోమీటరుకు 5:00, దిగేటప్పుడు 1:40. రెండూ కలిపి సగం చేస్తే 3:20. అది 18 వేగమే. దూరాలు సమానమైతే పేస్‌లను మామూలుగా సగటు చేయవచ్చు, వేగాలను చేయకూడదు. అందుకే, మీకు అలవాటు లేకపోయినా, ఎత్తుపల్లాల దారుల్లో పేస్ చూసుకోమని నేను చెబుతాను. ఎక్కడంలో పోయిన సమయాన్ని దిగడంలో రాబట్టుకుందామన్న ఆశ ఎంత ఉత్తదో ఆ అంకెల్లో ముందే కనబడుతుంది.

చదునైన దారిలో, ఒకే తీరున తొక్కేవాళ్లకు ఈ తలనొప్పులు ఉండవు. సైక్లింగ్‌లో గంట రికార్డు అని ఒకటుంది. ట్రాక్ మీద ఒక గంటలో ఎంత దూరం వెళ్లారన్నదే లెక్క కాబట్టి దూరమూ సగటు వేగమూ ఒకే అంకె. 1893లో ఆన్రీ దెగ్రాంజ్ 35.325 కిలోమీటర్లు వెళ్లారు. 2022 అక్టోబరులో స్విట్జర్లాండ్‌లోని గ్రెంచెన్‌లో ఫిలిప్పో గన్నా 56.792 కిలోమీటర్లు వెళ్లారు. చేయి తిరగాలంటే ఈ అంకెను మార్చి చూడండి. సెకనుకు 15.78 మీటర్లు, గంటకు 35.3 మైళ్లు, కిలోమీటరుకు 1:03. మీకు వేరే జవాబు వస్తే, ఎక్కడ తిరగేశారో వెతుక్కోండి. ట్రాక్ మీద జరిగే 200 మీటర్ల సైకిల్ పోటీకి ఇంకా తేలిక. 200ను 3.6తో గుణిస్తే 720, దాన్ని సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లు. 2024 పారిస్ ఒలింపిక్స్ అర్హత పోటీలో హ్యారీ లావ్రేసెన్ 9.088 సెకన్లలో ముగించారు, అంటే గంటకు 79.2.

ఇప్పుడు మీ మీటరు. చక్రం మీద ఉన్న అయస్కాంతం ఎన్నిసార్లు తిరిగిందో మాత్రమే దానికి తెలుసు. దూరం తెలియదు. ఒక్కో చుట్టుకు ఎన్ని మిల్లీమీటర్లో మనం చెబితే దాంతో గుణిస్తుంది. మీరు చూసిన 2105 ఆ చుట్టుకొలతే. అది 700×25సి రకం సన్నని టైరుకు వాడే అంకె. మీ 26×2.00 టైరుకు దాదాపు 2055. అంటే చక్రం 2055 మిల్లీమీటర్లు దొర్లిన ప్రతిసారీ మీటరు 2105 రాసుకుంటోంది, నూటికి 2.4 చొప్పున మిమ్మల్ని పొగుడుతోంది. 24.94ను 2105తో భాగించి 2055తో గుణించండి. 24.35. ఫోను, గడియారం, ఫైలు చెప్పినదే.

నమ్మకం కుదరకపోతే మీ కాళ్లను అడగండి. ముందు పళ్ల చక్రానికి 42 పళ్లు, వెనక దానికి 16 ఉన్న గేరులో పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం 2.625 చుట్లు తిరుగుతుంది. 2.055 మీటర్ల చుట్టుకొలతతో అది 5.39 మీటర్లు. నిమిషానికి 75 చుట్లు తొక్కితే 404.6 మీటర్లు. నిమిషానికి మీటర్లను గంటకు కిలోమీటర్లుగా మార్చాలంటే 0.06తో గుణించాలి (60 నిమిషాలు, 1000 మీటర్లు). 24.3 వస్తుంది. మీ సైకిల్ పళ్లు లెక్కపెట్టుకుని ఇదే చేయండి. వ్యాయామశాలలో కదలని సైకిల్ మీద కనిపించే కిలోమీటర్లు కూడా ఇలాంటి ఊహాచక్రంతో కట్టినవే, అందుకే వాటిని రోడ్డు వేగంతో పోల్చవద్దు.

2055 అన్నది కూడా పట్టికలోని అంకె. టైరు రకాన్ని, గాలిని, మీ బరువును బట్టి కాస్త మారుతుంది. మీరు మామూలుగా ఉంచే గాలి నింపి, వాల్వును నేలకు దగ్గరగా తెచ్చి అక్కడ గీత గీయండి. సైకిల్ ఎక్కి కూర్చుని, తిన్నగా ఐదు చుట్లు దొర్లించి, వాల్వు మళ్లీ కిందికి వచ్చిన చోట ఇంకో గీత. మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి ఐదుతో భాగించి, వచ్చిన సంఖ్యను 2105 స్థానంలో పెట్టండి. మీటరులో కిలోమీటర్ల అమరిక కూడా చాలావరకు ఆ జాబితాలోనే ఉంటుంది, మీట కాసేపు నొక్కి పట్టుకుని చూడండి.

ఆ తర్వాత కూడా ఫోనుకూ మీటరుకూ తేడా వస్తే అది ఎలాంటి తేడానో గమనించండి. ఏ వేగంలోనైనా ఒకే నిష్పత్తిలో ఉంటే చుట్టుకొలత ఇంకా సరిగ్గా కుదరలేదన్నమాట. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే జీపీఎస్ తడబాటు. ఎత్తైన కట్టడాల మధ్య, దట్టమైన చెట్ల కింద అది మామూలే. సగటులో మాత్రమే తేడా ఉంటే, ఆగిన సమయాన్ని ఒకటి లెక్కలో వేసుకుంటోంది, ఇంకొకటి వదిలేస్తోంది.

ఒక చిన్న చేదు నిజం మిగిలింది. మీటరు ఇంతవరకు కూడబెట్టిన మొత్తం దూరం కూడా అదే నిష్పత్తిలో ఎక్కువ. పాత అంకెను 0.976తో గుణించి రాసుకోండి. అది 1000 మైళ్లు చూపిస్తుంటే మీరు వెళ్లింది 976 మైళ్లు, అంటే 1571 కిలోమీటర్లు.